సున్నా ఓట్ల జవాబు

మొన్న ఒక మిత్రుడింట్లో సత్యనారాయణ వ్రతానికి వెళ్ళాం. భోజనాల దగ్గర ఒక అమ్మాయి ప్లేటు పట్టుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇక్కడే అమెరికాలో పుట్టి పెరిగిన పిల్ల, కాలేజీ ఆఖరి సంవత్సరం. "అంకుల్, మీకు ఒక క్వశ్చన్. నేను స్టార్టప్ చేస్తాను. ఐడియా కోసం ఆన్‌లైన్‌లో స్ట్రేంజర్స్‌ని అడుగుతాను, మీ ప్రాబ్లమ్ ఏంటి అని. అది గుడ్ వేనా?" అంది.

పులిహోర గొంతుకి అడ్డం పడ్డంత పనయింది. "అడుగు తల్లీ, కానీ..." అని మొదలుపెట్టి ఆగిపోయాను. ఆ 'కానీ' తర్వాతి సంగతి ఒక పూట భోజనంలో తెమిలేది కాదు. పైగా ఎదురుగా మా ఆవిడ కూర్చుని ఉంది. నేను ఈ కథ ఎత్తుకుంటే "మళ్ళీ మొదలెట్టారా" అంటుంది. అందుకని ఇంటికొచ్చి రాస్తున్నాను. ఆ అమ్మాయికి తెలుగు చదవడం రాదు, వాళ్ళమ్మ చదివి వినిపిస్తానంది. మిగతా పిల్లలు కూడా వింటే మంచిదే.

నేను ఇరవై ఏళ్ళకు పైగా కాలిఫోర్నియాలో, సన్నీవేల్‌లో ఒకే కంపెనీలో టెస్టింగ్ చేశాను. అంటే ఇంకొకరు రాసిన ప్రోగ్రాములో తప్పులు వెతికి చూపించడం. పెళ్ళిలో పప్పులో ఉప్పు తగ్గిందని చెప్పే మేనమామ ఒకడుంటాడు చూశారా, జీతమిచ్చి పెట్టుకున్న అలాంటి మేనమామని నేను. నా టీమ్‌లో ఒక తమ్ముడు ఉండేవాడు. సొంత తమ్ముడు కాదు. వరంగల్ వైపు నుంచి వచ్చినవాడు, నాకంటే ఇరవై ఏళ్ళు చిన్న. నన్ను 'అన్నా' అనేవాడు. తను ప్రోగ్రాములు రాసేవాడు, నేను వాటిలో తప్పులు పట్టేవాణ్ణి. "అన్నా, గిది బగ్ గాదు, నీ అద్దాలు మార్చుకో" అనేవాడు. అరగంట తర్వాత చప్పుడు చేయకుండా దిద్దేవాడు.

అతని భార్య నెమ్మదస్తురాలు, కానీ చూపు మహా పదును. శనివారాలు ఒక బడిలో మన పిల్లలకి తెలుగు చెప్పేది. వాళ్ళకి ఏడేళ్ళ పాప. పండక్కీ పబ్బానికీ వాళ్ళింట్లో మాకూ, మా ఇంట్లో వాళ్ళకీ విస్తరి పడాల్సిందే. ఆమె నన్ను నోరారా "అన్నయ్యా" అని పిలిచేది. నాకు తోడబుట్టినవాళ్ళు లేరు, ఆ పిలుపు వింటే కడుపు నిండినట్టుండేది.

కొన్నేళ్ళ క్రితం ఒక జనవరి ఉదయం మా ఇద్దరి ఉద్యోగాలూ ఒకే పూట పోయాయి. ఎనిమిది లైన్ల మెయిల్. మధ్యాహ్నానికి లాప్‌టాప్, ఐడీ కార్డు తిరిగి ఇచ్చేశాం. నాకు అప్పటికే అరవై దాటాయి, సిటిజన్‌షిప్ ఉంది, పిల్లలు స్థిరపడ్డారు. సరే, దీన్నే రిటైర్మెంట్ అనుకుందాం అనుకున్నాను. అతనికి అలా కుదరదు. హెచ్-వన్ వీసా. ఉద్యోగం పోయిన నాటి నుంచి అరవై రోజులు. ఆ లోపల మరో కంపెనీ అతని పేర వీసా పిటిషన్ వేయాలి, లేదంటే పెళ్ళాం పిల్లతో పెట్టేబేడా సర్దుకుని విమానం ఎక్కాలి.

మనవాళ్ళలో ఒక ఆచారం ఉంది. ఉద్యోగం పోయిందని ఎవడూ నోరు తెరిచి చెప్పడు. మర్నాడు కూడా బ్యాగు తగిలించుకుని, లంచ్ డబ్బా పట్టుకుని ఎనిమిదిన్నరకే బయల్దేరతాడు. నమ్మకపోతే బుధవారం పూట పదింటికి ఏ పబ్లిక్ లైబ్రరీకైనా వెళ్ళి చూడండి. మనవాళ్ళు ఎంతమంది మూలమూలల కూర్చుని ఉంటారో! ఒకరినొకరు గుర్తుపడతారు, గుర్తుపట్టనట్టు పుస్తకంలోకి తల దూరుస్తారు. మా తమ్ముడూ అదే చేశాడు.

"ఇంట్ల చెప్పలే అన్నా. వేరే జాబ్ వచ్చినంక ఒక్కటేసారి చెప్త. అప్పటిదాంక నువ్వు గూడ ఎవ్వరికీ చెప్పకు, వదినకు గూడ" అన్నాడు.

నేను తలూపాను. ఆ తలూపడం ఎంత దూరం వెళ్తుందో అప్పుడు తెలియలేదు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. అతను బుద్ధిగా ఉద్యోగాలకి అప్లికేషన్లు పెట్టుకుంటుంటే నేనే చెడగొట్టాను. "ఎన్నాళ్ళు ఇంకొకడి కింద చేస్తావు? నా పేరు మీద కంపెనీ పెడదాం, తెలివి నీది, ఓపిక నాది" అన్నాను. మా పాత మేనేజర్ ఒకాయన చిన్న కంపెనీల్లో పెట్టుబడి పెట్టేవాడు. ఫోన్ చేస్తే, "నెలనెలా డబ్బు కట్టేవాళ్ళని యాభై మందిని చూపించు, అప్పుడు మాట్లాడదాం" అన్నాడు. ఆయన పెట్టుబడి పెడితే కంపెనీ నిలబడుతుంది. కంపెనీ నిలబడితే తమ్ముడి పిటిషన్ మా కంపెనీయే వేస్తుంది. కాగితం మీద ఎంత ముచ్చటగా ఉందో! లాయరు మాత్రం పెదవి విరిచాడు. "అయితే అవచ్చు, కష్టం. అప్పటిదాకా ఈయన ఆ కంపెనీ పని చేయకూడదు. కబుర్లు చెప్పుకుంటే చెప్పుకోండి" అన్నాడు.

ఆ మాటని మేం ఎలా పాటించామో వింటే నవ్వుతారు. లైబ్రరీలో చిన్న గది, రెండేసి గంటలు బుక్ చేసుకోవాలి. లాప్‌టాప్ నా ముందు. తమ్ముడు పక్కన చేతులు కట్టుకుని. వీసాకి ఎక్కడ దెబ్బ తగులుతుందోనని కీబోర్డు వైపు వేలు కూడా పెట్టడు. అతను ఒక పూటలో రాసేసే ప్రోగ్రాము నేను నాలుగు రోజులు గుచ్చి గుచ్చి టైపు చేసేవాణ్ణి.

"అన్నా, ఆడ బ్రాకెట్ మూయలే."

"ఏదీ, ఎక్కడ?"

"పైన. ఇంకా పైన. అరె, అది గాదన్నా! అబ్బబ్బ, నా చెయ్యి గుంజుతున్నదే!"

ఎనిమిదేళ్ళు అతని తప్పులు నేను పట్టాను. ఆ నెల రోజుల్లో వడ్డీతో సహా తీర్చుకున్నాడు. ఇప్పుడు తలుచుకుంటే నా ఉద్యోగ జీవితం మొత్తంలో అంత నవ్విన రోజులు లేవు. జీతం లేదు, ఆఫీసు లేదు, పక్క గదిలోవాళ్ళు గోడ కొట్టేవారు.

ఇంతకీ ఐడియా ఏదీ? తెలిసినవాళ్ళని అడగొచ్చు. కానీ అడిగితే "ఇప్పుడు కంపెనీ ఏంటండీ, ఉద్యోగం ఏమైంది?" అని ఎదురు ప్రశ్న వస్తుంది. అందుకని ముక్కూ మొహం తెలియనివాళ్ళే నయమనుకున్నాం. వాళ్ళు మన పరువు తీయలేరు కదా. ఎవరైనా ప్రశ్న అడిగి, నచ్చిన జవాబుకి ఓటు వేసే ఒక పెద్ద ఆన్‌లైన్ ఫోరమ్‌లో మారుపేరుతో తమ్ముడు ఇంటి దగ్గర తన టాబ్లెట్‌లోంచి ప్రశ్న పెట్టాడు. 'మీ రోజువారీ జీవితంలో మిమ్మల్ని బాగా విసిగించేది ఏది? దానికో యాప్ ఉంటే నెలకి అయిదు డాలర్లు ఇస్తారా?'

జవాబులు కుప్పతెప్పలుగా వచ్చాయి. ఉతికాక రెండో సాక్సు ఎక్కడికి పోతుందో చెప్పే యాప్ కావాలన్నాడొకడు. తన పిల్లి తన మీద అలిగిందో లేదో తెలియాలంది ఇంకొకామె. అత్తగారు ఇంటికి రాబోతున్నట్టు గంట ముందు తెలిస్తే అయిదేమిటి, పది ఇస్తానన్నాడు మరొక మహానుభావుడు. నవ్వుకుంటూనే నేను నా పాత అలవాటు కొద్దీ స్ప్రెడ్‌షీట్ తెరిచాను. జవాబులన్నీ చదవకుండానే టోకుగా అందులోకి దించి, పక్కన ఓట్ల లెక్క పెట్టి, పదికి తక్కువ వచ్చినవి కనబడకుండా ఫిల్టరు పెట్టాను.

"అన్నీ ఒకసారి చదువుదామా అన్నా?" అన్నాడు తమ్ముడు.

"ఓట్లు పడనివి చదివి ఏం చేసుకుంటాం? నీకున్నవే అరవై రోజులు" అన్నాను. పెద్ద మొనగాణ్ణి!

అందరికంటే ఎక్కువ ఓట్లు పడింది ఫ్రిజ్ యాప్‌కి. ఫ్రిజ్‌లోని డబ్బాల్ని ఫోన్‌తో ఫొటో తీస్తే ఏమేం ఉన్నాయో, ఏది ఎప్పుడు పాడవుతుందో చెప్పాలి. 'వెంటనే కొంటాను' అని బోలెడంత మంది రాశారు. మూడు వారాలు కూర్చుని చేశాం. పరీక్షించడానికి మా ఫ్రిజ్ ఉండనే ఉంది కదా, ఫొటో తీశాను. ఏడు పెరుగు డబ్బాలున్నాయంది. ఒక్కదాంట్లోనూ పెరుగు లేదు. ఒకదాంట్లో గోంగూర పచ్చడి, ఒకదాంట్లో దోసెల పిండి, ఒకదాంట్లో నిన్నటి పప్పు, ఇంకోదాంట్లో కొబ్బరి తురుము. అసలు పెరుగు స్టీలు గిన్నెలో తోడుకుని ఉంది. దాన్ని యాప్ కన్నెత్తి చూడలేదు.

మా ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని ఇదంతా చూసింది. "ఏ డబ్బాలో ఏముందో చెప్పడానికి నేను లేనా ఏవండీ? ఆ అయిదు డాలర్లేవో నాకివ్వండి" అంది.

నవ్వేసి ఊరుకున్నాను. జీవితమంతా టెస్టింగ్ చేసి బతికినవాణ్ణి, కళ్ళెదుట కనబడిన ఫలితాన్ని పక్కన పెట్టాను. 'అమెరికన్ల ఫ్రిజ్‌లు వేరులే' అని సర్దిచెప్పుకున్నాను. ఇన్నేళ్ళలో ఒక్క అమెరికన్ ఇంట్లో ఫ్రిజ్ తలుపు తీసి చూసిన పాపాన పోలేదు నేను.

లైబ్రరీ గదిలో తిండి తినకూడదు. మధ్యాహ్నం నా కార్లో కూర్చుని తినేవాళ్ళం. ఆ ఏడాది వానలు ఎక్కువ. అద్దాల మీద చినుకులు పడుతుంటే తమ్ముడు డబ్బా తెరిచేవాడు. ఎక్కువగా పెరుగన్నం, పైన ఎర్రటి దానిమ్మ గింజలు. సగం నా మూతలో పెట్టేవాడు. ఎంత బాగుండేదో! తిన్నాక పక్కన పార్కు కుళాయి దగ్గరికి పరిగెత్తి డబ్బా శుభ్రంగా కడుక్కొచ్చేవాడు. నా కార్లో వాసన ఉంటే మా ఆవిడ నన్ను తిడుతుందని అతని భయం. అప్పుడప్పుడూ తింటూ తింటూ ఆగిపోయేవాడు. "పాప సెకండ్ గ్రేడ్ అన్నా. టీచర్ అంటే పానం దానికి. నడుమల తీసుకపోతే ఏం చెప్పాలె?" అనేవాడు. "ఎక్కడికీ తీసుకెళ్ళక్కర్లేదు, యాప్ అయిపోవస్తోంది కదా" అనేవాణ్ణి. దేవుడు నాకు నోరిచ్చాడు, అడ్డూ అదుపూ ఇవ్వలేదు.

ముప్పై ఎనిమిదో రోజున యాప్ విడుదల చేశాం. ఫోరమ్‌లో 'కొంటాను' అన్న ప్రతివాళ్ళకీ పేరుపేరునా మెసేజ్ పంపాం, మీరడిగిందే చేశాం, చూడండి అని. పొద్దున్న పదింటికి పంపి, గదిలో ఇద్దరం తెర వంక గుడ్లప్పగించి కూర్చున్నాం. పదకొండున్నరకి ఒకరు 'బాగుంది, ఆల్ ద బెస్ట్' అన్నారు. ఇంకొకరు ఫ్రీ అయితే చూస్తానన్నారు. అసలు ఆ ఐడియా ఇచ్చిన పెద్దమనిషి రాసింది ఇప్పటికీ మర్చిపోలేను. 'నేనలా అన్నానా? గుర్తు లేదు. ఆ రోజు మా ఇంట్లో పాలు విరిగుంటాయి.'

ఒంటిగంటకి ఒకరు డబ్బు కట్టినట్టు కనబడింది. తమ్ముడు కుర్చీలోంచి లేచి నన్ను కావలించుకున్నంత పని చేశాడు. ఎవరా అని చూస్తే మా ఆవిడ.

తమ్ముడి మొహం చూడలేకపోయాను. "ఇరవై రెండు రోజులున్నయ్ అన్నా" అన్నాడు మెల్లగా. కోపంగా అన్నా బాగుండేది. జాకెట్ తీసుకుని పార్కులోకి వెళ్ళిపోయాడు.

ఒక్కణ్ణే కూర్చున్నాను. ప్రోగ్రాము పడిపోయినప్పుడు టెస్టర్ చేసే పని ఒకటుంది, తను చూడకుండా వదిలేసింది ఏమిటా అని వెనక్కి వెళ్ళి వెతకడం. చేతికి వేరే పని లేక ఫిల్టరు తీసేసి, అట్టడుగు నుంచి చదవడం మొదలుపెట్టాను. సున్నా ఓట్ల జవాబులు. అందులో దాదాపు నెల్లాళ్ళ కిందటిది ఒకటి ఉంది. ఇంగ్లీషులో ఉంది, తెలుగులో చెప్తాను.

'నాకు యాప్ వద్దు. మా ఆయన రోజూ ఆఫీసుకని వెళ్తాడు. బ్యాగులో లాప్‌టాప్ లేదు, ఎత్తితే తెలిసిపోతుంది. ఇదివరకు లంచ్ డబ్బా ఎండిపోయిన మెతుకులతో తెచ్చేవాడు. ఇప్పుడు తళతళలాడేలా కడిగి తెస్తున్నాడు. సాయంత్రం మీటింగుల గురించి చెప్తాడు, నేను వింటాను. కనీసం తిండైనా బాగుండాలని పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసి పంపిస్తున్నాను. నాకు తెలుసని ఆయనకి చెప్పాలి, ఆయన చిన్నబోకుండా. ఎలాగో ఎవరికైనా తెలిస్తే చెప్పండి. అయిదు డాలర్లేం ఖర్మ, ఎంతైనా ఇస్తాను.'

ఒక్క ఓటు లేదు. ఒక్కరూ బదులివ్వలేదు. ఆ గింజల్లో సగం తిన్నవాణ్ణి నేను.

వానలోనే పార్కుకి వెళ్ళి తమ్ముణ్ణి లాక్కొచ్చాను. ఏమీ చెప్పకుండా ఆ లైను మీద వేలు పెట్టి చూపించాను. రెండుసార్లు చదివాడు. కళ్ళనిండా నీళ్ళు. "నీ కార్ల వాసనొస్తదని కడిగిన అన్నా. గంతే."

మధ్యాహ్నం రెండింటికి ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ వేళప్పుడు ఇంటికెళ్ళడం ముప్పై ఎనిమిది రోజుల్లో అదే మొదటిసారి.

ఆ తర్వాత మా ఇద్దరి తెలివితేటలతో పని లేకుండా పోయింది. ఆ సాయంత్రమే ఆమె తన తెలుగు బడి తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో మొహమాటం లేకుండా రాసేసింది. మా ఆయన జాబ్ పోయింది, ఇరవై రెండు రోజులే ఉన్నాయి, రెజ్యూమె పెడుతున్నా, మీ కంపెనీలో ఖాళీ ఉంటే చెప్పండి అని. పది నిమిషాలు గ్రూపంతా నిశ్శబ్దం. ఆమె ఏం తప్పు మాట్లాడిందోనన్నట్టు! తర్వాత ఒక తండ్రి, 'నాది డిసెంబర్‌లోనే పోయిందండీ' అన్నాడు. వెంటనే ఒక తల్లి, తనదీ పోయిందని. ఆ రాత్రికి నలుగురు తేలారు. అంతా రోజూ లైబ్రరీలో నన్ను చూసి తల తిప్పుకున్నవాళ్ళే. ఆ గ్రూపులోని ఒకావిడ అన్నగారికి టెక్సస్‌లో, ప్లేనోలో ఒక కంపెనీలో పలుకుబడి ఉంది. ఫోన్ ఇంటర్వ్యూలు, మళ్ళీ ఇంటర్వ్యూలు, కాగితాలు. యాభై ఆరో రోజున పిటిషన్ పడింది. కాకపోతే సంసారం ప్లేనోకి మార్చాలి. పాప టీచర్ని వదిలి వెళ్ళాల్సే వచ్చింది.

అందుకని అమ్మాయ్, నువ్వడిగిన ప్రశ్నకి నా జవాబు ఇదీ. తెలియనివాళ్ళని అడగడం తప్పు కాదు. కానీ 'ఏం చేసిపెట్టమంటారు, కొంటారా' అని అడిగితే నోటికొచ్చింది చెప్తారు. చెప్పడానికి ఏం పోయింది, ఓటెయ్యడానికి ఏం పోయింది! నిజంగా కష్టంలో ఉన్న మనిషి యాప్ కావాలని అడగదు. ఆ మనిషి రాసింది ఎక్కడో అడుగున పడి ఉంటుంది, ఓపిగ్గా వెళ్ళి చదువు. ఇంకో మాట. ఎదుటివాణ్ణి అడిగే ముందు, నువ్వు ఎందుకు తెలియనివాళ్ళ దగ్గరికే పోతున్నావో చూసుకో. మేం ఐడియా కోసం అని చెప్పుకుని వెళ్ళాం. నిజానికి దాక్కోడానికి వెళ్ళాం.

వాళ్ళు ఇల్లు ఖాళీ చేసే రోజున పెట్టెలు కట్టడానికి వెళ్ళాను. తమ్ముడు పాపతో బడికి, టీసీ కాగితాలకి వెళ్ళాడు. వంటింట్లో ఆమె స్టీలు గిన్నెలు పేపర్లో చుడుతోంది. చుడుతూనే చెప్పింది. "ఆయన టాబ్లెట్‌ల ఆ పేజీ తెరిచి ఉండె అన్నయ్యా. ఊకనే చదువుతున్నడనుకున్న, అడిగింది ఆయనే అని తెల్వదు. డబ్బా ముచ్చట చదివితే గుర్తుపడతడని రాసిన. రోజూ సాయంత్రం రాంగనే మొఖం చూసేదాన్ని, చదివిండా లేదా అని."

"అతను చదవలేదమ్మా. ఓట్లు లేనివి కనబడకుండా దాచేసింది నేనే" అన్నాను.

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టింది. "అది సరే. కానీ మీకైతే మొదటి రోజే తెలుసు. నడుమల పాప బర్త్‌డేకి వచ్చిన్రు, నా చేత్తో పెడితే తిన్నరు, నవ్వుకుంట వోయిన్రు. లోకంల ముక్కూ మొఖం తెల్వనోళ్ళందర్నీ అడిగిన్రు గదా అన్నయ్యా. నన్నొక్కదాన్నీ అడగలే. నేను మీకు తెల్వని మనిషినా?"

"కాదమ్మా. తప్పయిపోయింది" అన్నాను.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, పెట్టె మూత రెండు చేతులా నొక్కి పట్టుకుని, టేపు వెయ్యమన్నట్టు నా వైపు చూసింది. నేను వేశాను.